కృత్రిమ గడ్డి పరిచే ముందు నీళ్లకు దారి చూడండి

కృత్రిమ గడ్డి చుట్టను తిరగేస్తే వెనక పూతలో వరసగా చిన్న చిన్న చిల్లులు కనిపిస్తాయి. వాన నీళ్లు నిలవవని అమ్మేవాళ్లు చూపించేది వాటినే. చిల్లుల్లోంచి నీళ్లు దిగే మాట నిజమే. దిగాక ఎటు పోవాలన్నది మాత్రం కింది నేల చేతిలో ఉంటుంది. ఇవాళ మడుగు కట్టే చోట గడ్డి పరిస్తే, రేపు అదే మడుగు గడ్డి కింద కడుతుంది. అక్కడ ఎండ తగలదు, గాలి ఆడదు. ముందు ముక్క వాసన, తర్వాత కాలు వేస్తే మెత్తగా దిగబడటం, ఆ తర్వాత అతుకుల దగ్గర జిగురు విడిపోవడం. అప్పుడు బాగుచేయాలంటే గడ్డంతా లేపాల్సిందే.

ముందు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో పట్టుకోవాలి. గట్టి వానలో గొడుగు వేసుకుని పెరట్లో నిలబడి చూడటాన్ని మించిన పరీక్ష లేదు. చాలాచోట్ల తప్పు నేలది కాదు, ఇంటి కప్పు నుంచి దిగే వాన గొట్టానిది. 100 చదరపు మీటర్ల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 2,500 లీటర్ల నీళ్లు. అవన్నీ ఒకే మూల కుమ్మరిస్తే ఏ నేలా తాగలేదు. ఆ గొట్టానికి చిల్లుల్లేని 110 ఎంఎం పీవీసీ పైపు తగిలించి, గడ్డి కింద నుంచి నేరుగా బయటికి పంపాలి. దీన్ని నేల నీళ్లు లాగే చిల్లుల పైపుకు కలిపేసి ఖర్చు మిగిలిందనుకుంటారు కొందరు. జోరు వానలో కప్పు నీళ్లు ఆ చిల్లుల్లోంచే తన్నుకొచ్చి గడ్డి కిందకే చేరతాయి.

ఇక నేల సంగతి. నీళ్లు ఎక్కువగా నిలిచే చోటే 30 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు గుంత తీసి నీళ్లు నింపండి. మొదటిసారి పూర్తిగా ఇంకిపోనివ్వండి. పొడిమట్టి మొదట గబగబా తాగేస్తుంది, అది లెక్కలోకి రాదు. రెండోసారి నింపి, పుల్ల గుచ్చి, నీటి మట్టం దగ్గర గీత పెట్టి, గంటలో ఎంత దిగిందో కొలవండి. 2.5 సెంటీమీటర్లు దాటితే వాటం (నేల వాలు), కంకర పరుపు సరిపోతాయి. 1.25 లోపే ఉంటే పైపులు తప్పవు. రెంటికీ మధ్య ఉంటే గుంత గోడ చూడండి. పార దెబ్బకు మట్టి నున్నగా మెరుస్తూ, చేతిలో నలిపితే చుట్టలా సాగితే అది బంకమట్టి. పైపులు వేసుకోవడమే మంచిది.

వాటం మీటరుకు 1 నుంచి 2 సెంటీమీటర్లు, ఎప్పుడూ ఇంటి గోడ నుంచి బయటివైపుకి. పెరడు 6 మీటర్లుంటే, మీటరుకు ఒకటిన్నర చొప్పున 9 సెంటీమీటర్లు. గోడ దగ్గర ఒక కర్ర, అవతలి అంచున ఇంకో కర్ర పాతి, నీళ్లు నింపిన సన్నని గొట్టం, అంటే ట్యూబ్ లెవెల్‌తో రెండింటి మీదా ఒకే మట్టం గుర్తు పెట్టండి. అవతలి కర్ర మీద గుర్తును 9 సెంటీమీటర్లు కిందికి దించి నూలు కట్టండి. ట్యూబులో ఒక్క గాలి బుడగ ఉన్నా మట్టం తప్పుతుంది. ముందు ట్యూబు పొడవునా చూసుకోండి. ఎక్కువమంది దెబ్బతినేది ఆ తర్వాత. మట్టిని చదునుగా వదిలేసి, పైన కంకరలో వాటం తెస్తారు. చూడ్డానికి పైన వాలుగానే ఉంటుంది, నీళ్లు మాత్రం కంకరలోంచి దిగి, చదును మట్టి మీద నిలబడిపోతాయి. వాటం మట్టిలోనే రావాలి, పై పొరలు దాని వెంటే పోవాలి. గోడ పక్కన గడ్డి పైమట్టం ఇంటి లోపలి గచ్చు కంటే కనీసం 15 సెంటీమీటర్లు కిందే ఉండాలి.

తవ్వాల్సిన లోతు మామూలు నేలలో 10, బంకమట్టిలో 15 సెంటీమీటర్లు. గడ్డపార ఎత్తే ముందు కరెంటు తీగ, నీళ్ల పైపు ఎటు పోతున్నాయో తెలుసుకోండి.

పైపులు వేయాల్సి వస్తే, పైపు కాలువ పల్లపు అంచు వెంట 30 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల లోతు. నేల మొత్తం నీళ్లు తాగనిదైతే 3–4 మీటర్లకొక కాలువ కావాలి. కాలువలో నీళ్లను వదిలి మట్టిని ఆపే, నేయని రకం జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, 5 సెంటీమీటర్లు 20 ఎంఎం కంకర పోసి, 100 ఎంఎం చిల్లుల పైపును చిల్లులు కిందికి ఉండేలా పెట్టండి. చిల్లులు పైకి పెట్టాలనిపిస్తుంది, అది పొరపాటు: కాలువలో నీళ్లు అడుగు నుంచి పైకి ఎక్కుతాయి, చిల్లులు కిందుంటే ఎక్కీ ఎక్కకముందే పైపులో పడతాయి. పైపుకు మీటరుకు 1 సెంటీమీటరు వాటం చాలు. పైన కంకర నింపి గుడ్డ మడిచేయండి. పైపు చివర జాలీ మూతతో చిన్న చాంబర్ కట్టండి.

పైపు చివర కంటే పల్లంలో నీళ్లు వదిలే చోటు ఉందో లేదో తవ్వక ముందే కొలవాలి. లేకపోతే ఇంకుడు గుంత. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 1.2 మీటర్ల లోతు గుంతను పెద్ద కంకరతో నింపితే, ఆ సందుల్లో పట్టేది సుమారు 480 లీటర్లే. పునాదికి కనీసం 3 మీటర్లు, వీలైతే 5 మీటర్ల దూరంలో తవ్వండి. నీళ్లు ఇంకని బంకమట్టిలో ఇంకుడు గుంత నీళ్ల తొట్టిగా మిగులుతుంది. అక్కడ చిన్న సంపు, మోటారే గతి.

కంకర పరుపు కింద మళ్లీ అదే గుడ్డ, అతుకు దగ్గర 30 సెంటీమీటర్లు ఒకదాని మీదకొకటి ఎక్కేలా. కలుపు రాకూడదని ప్లాస్టిక్ షీటు పరచకండి, నీళ్లను మీరే బంధించినట్టవుతుంది. దాని మీద 7 సెంటీమీటర్లు 20 ఎంఎం కంకర (బంకమట్టిలో 12), ఆ పైన 3 సెంటీమీటర్లు 6 ఎంఎం రాతి చిప్స్. రెండూ దుమ్ము లేకుండా కడిగినవే కావాలి. క్రషర్ డస్ట్ (రాతి పొడి) చదును చేయడం సులువు, చవక కూడా. కానీ తడిసి గట్టిపడ్డాక నీళ్లను సరిగా దిగనివ్వదు. కుక్కలున్న ఇంట్లో మూత్రం వాసన పోకపోవడానికి అదీ ఒక కారణమే. కంకరను 5 సెంటీమీటర్ల చొప్పున పోస్తూ ప్లేట్ కాంపాక్టర్‌తో దిమ్మిస చేయండి. 50 చదరపు మీటర్లకు 10 సెంటీమీటర్ల మందం అంటే 5 ఘనపు మీటర్లు. అణిగేది కలుపుకుని 6 తెప్పించాలి, బరువు దాదాపు 9 టన్నులు.

గడ్డి తెరవకముందే 2 మీటర్ల తిన్నని పట్టీ వేసి చూడండి. 5 మిల్లీమీటర్లు మించిన పల్లాలను చిప్స్‌తో నింపండి. తర్వాత ఎత్తు వైపు నుంచి అరగంట పాటు పైపుతో నీళ్లు వదిలి, పైన ఎక్కడైనా నిలుస్తున్నాయేమో, చాంబర్‌లోకి వస్తున్నాయో లేదో చూడండి. పల్లపు వైపు అంచు కట్టకు అక్కడక్కడా సందులు వదలండి, లేకపోతే అదే ఆనకట్ట అవుతుంది.

మొదటి రెండు మూడు వానలకు చాంబర్ మూత తీసి అడుగున చేరిన ఒండ్రు ఎత్తేయండి. ఆ తర్వాత కూడా బురద నీళ్లే వస్తుంటే ఎక్కడో గుడ్డ చిరిగిందనో, అతుకు విడిందనో అనుకోవాలి. ముందుగా పైపు చాంబర్‌లోకి దిగే చోట వెతకండి.