కారు కరెంటు పాఠాలు – 7: మీటరు 12 వోల్టులు చూపినా కాయిల్ ఎందుకు పనిచేయదు

ఈ పాఠంలో ఇంజెక్టర్ల సంగతి మొదలుపెట్టవలసి ఉంది గానీ, గత పాఠం తరువాత వచ్చిన ఉత్తరాలు చదివాక దానిని వాయిదా వేయక తప్పలేదు. గుణుపురం, రాయగడ, జయపురం పాఠకులు రాసినవన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. స్కానర్‌లో పి0301 కోడు వచ్చింది, అంటే ఒకటో సిలిండరులో మిస్సింగ్, ఇంధనం సరిగా మండడం లేదని. ఒకటో సిలిండర్ కాయిల్ (ప్లగ్గులో స్పార్కుకు కావలసిన పెద్ద వోల్టేజీని తయారుచేసేది) కప్లర్, అంటే తీగలు కలిసే ప్లాస్టిక్ జోడు, విప్పి మల్టీమీటరు పెడితే 12.5 వోల్టులు కనిపించాయి. తీగ బాగుంది కనుక కాయిలే పోయిందని తేల్చి కొత్తది వేశారు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేసరికి బండి మళ్లీ వెనకటిలాగే కుదుపులు పెట్టింది. మైదానంలో దాగిన మిస్సింగ్ ఘాట్‌లో బయటపడడం సహజమే, ఎందుకంటే ఇంజన్ మీద బరువు పడినప్పుడు సిలిండరులో ఒత్తిడి పెరిగి, స్పార్కు దూకడానికి మరింత వోల్టేజీ కావలసి వస్తుంది.

కాయిల్ కొనడానికి ముందు ఒకటో సిలిండర్ కాయిల్‌ను రెండోదానికీ, రెండోదాన్ని ఒకటోదానికీ మార్చి, కోడు చెరిపి, బండిని ఒకసారి తిప్పి చూడాలని గత పాఠంలో నేను రాయలేదు; అది అందరికీ తెలిసినదే అనుకున్నాను. కోడు పి0302గా, అంటే రెండో సిలిండరు మిస్సింగ్‌గా మారితే దోషం కాయిల్‌ది. పి0301గానే నిలిస్తే ప్లగ్గు, వైరింగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ వరుసగా చూడాలి.

ఇక అసలు చిక్కు ఆ 12.5 వోల్టుల దగ్గర ఉంది. మన ప్రాంతపు వానలకు కప్లర్‌లో తేమ చేరి, పిన్ను మీద పచ్చగా చిలుము పట్టి, అక్కడ 5 ఓముల నిరోధం ఏర్పడిందనుకోండి. డిజిటల్ మల్టీమీటరు లోపలి నిరోధం సాధారణంగా కోటి ఓములు. కప్లర్ విప్పి మీటరు మాత్రమే పెట్టినప్పుడు ఆ తీగలో పారే కరెంటు ఆంపియరులో పది లక్షల వంతు మాత్రమే కనుక, చిలుము దగ్గర పడిపోయే వోల్టేజీ మీటరుకు కనిపించనే కనిపించదు. అదే తీగకు 21 వాట్ల ఇండికేటరు బల్బు తగిలిస్తే వోల్టేజీ దాదాపు సగానికి కూలిపోతుంది. అంతకంటే ఎక్కువ కరెంటు లాగే కాయిల్ గతి వేరే చెప్పనక్కరలేదు.

ఓముల పరీక్షను నమ్ముకున్నవారు కూడా ఈ గోతిలోనే పడతారు. ఇరవై పోగుల తీగలో పంతొమ్మిది తెగి ఒక్క పోగు మిగిలినా మీటరు సున్నాకు దగ్గరగానే చూపిస్తుంది. బజరు మోగిందని సంతోషించి లేచేవారిని చూస్తే నాకు నిజంగా చిరాకు వేస్తుంది. ఇంజన్ ఎర్తు తీగ విషయంలో ఈ పరీక్ష బొత్తిగా పనికిరాదు. సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగుతున్నప్పుడు అర వోల్టు పోవడానికి 0.0033 ఓములు చాలు, మీటరు తీగల సొంత నిరోధమే దానికి ఎన్నో రెట్లు ఉంటుంది.

కాబట్టి కరెంటు పారుతుండగా కొలవాలి. ఇగ్నిషన్ ఆపి, కప్లర్ విప్పి, పాజిటివ్ పిన్నుకూ ఎర్తు పిన్నుకూ మధ్య 21 వాట్ల బల్బు కలిపి, ఆ తరువాత ఇగ్నిషన్ వేయండి. బల్బు నిండుగా వెలగాలి, దాని రెండు కొసల మధ్య వోల్టేజీ బ్యాటరీ దగ్గరి వోల్టేజీకి బాగా దగ్గరగా ఉండాలి. కొన్ని కార్లలో కాయిల్ రిలే, అంటే కాయిల్‌కు కరెంటు కలిపే విద్యుత్ స్విచ్చి, ఇంజన్ తిరుగుతున్నప్పుడే కలుస్తుంది కనుక, ఇంధన పంపు ఫ్యూజు తీసేసి మరొకరి చేత సెల్ఫ్ కొట్టించవలసి ఉంటుంది. ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటరు, నుంచి వచ్చే సిగ్నల్ తీగకు మాత్రం బల్బు తగిలించకండి, లోపలి ట్రాన్సిస్టరు కాలిపోవచ్చు. రెండు పిన్నుల కాయిల్‌లో రెండో పిన్నును ఈసీయూ నేరుగా నడుపుతుంది, కనుక అక్కడ బల్బు రెండో కొసను బాడీకి కలపాలి. ఏ పిన్ను ఏదో వైరింగ్ డయాగ్రం చూసి తేల్చుకోవాలి, రంగును బట్టి ఊహించకూడదు. టెస్ట్ ల్యాంపు పేరుతో అమ్మేవాటి కంటే పాత ఇండికేటరు హోల్డరుకు రెండు తీగలు అతికించుకున్నదే నాకు ఇష్టం.

బల్బు మసకగా వెలిగితే దోషం ఏ వైపుదో చూడాలి. మీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్ స్తంభానికి, అంటే క్లాంపుకు కాదు, సీసపు స్తంభానికే పెట్టి, రెండో కొసను కప్లర్ ఎర్తు పిన్నుకు ఆనించండి. 0.2 వోల్టుల కంటే ఎక్కువ కనిపిస్తే ఎర్తు వైపు లోపం ఉన్నట్టే. అక్కడ ఏమీ లేకపోతే పాజిటివ్ స్తంభం నుంచి పాజిటివ్ పిన్ను వరకు అలాగే కొలిచి, ఫ్యూజు, రిలే, మధ్య కప్లర్ ఒక్కొక్కటిగా దాటుతూ రండి. పొలాల పక్కన నిలిపే బండ్లలో ఎలుకలు కొరికిన చోటును కూడా ఈ కొలతే పట్టిస్తుంది.

వచ్చే పాఠానికి ముందు బల్ల మీద ఒక అభ్యాసం చేసి తీరాలి. బ్యాటరీ నుంచి 5 ఆంపియర్ల ఫ్యూజు, చిలుముకు బదులుగా 5 ఓముల 10 వాట్ల రెసిస్టరు, 21 వాట్ల బల్బు వరుసగా కలిపి, బల్బు హోల్డరు దగ్గర వోల్టేజీని బల్బు తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి, దానికి సమాంతరంగా రెండో బల్బు కలిపి మరొకసారి కొలిచి రాసుకోండి. మూడో కొలతలో రెసిస్టరు తన వాట్లను మించి వేడెక్కుతుంది, కనుక రీడింగు చూసిన వెంటనే ఫ్యూజు తీసేయండి.