డ్రైవింగ్‌లో ఫోన్ మీదికి చెయ్యి పోకుండా

బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో కారు ఆగిందంటే చాలు, ఫోన్ టింగుమంటుంది, చెయ్యి దానంతటదే అటు పోతుంది. కొత్తగా లైసెన్స్ వచ్చిన పిల్లలకైతే మరీనూ. దీనికి డబ్బు పెట్టి యాప్ కొననక్కర్లేదు.

ఐఫోన్‌లో సెట్టింగ్స్, ఫోకస్‌లోకి వెళ్లి ప్లస్ గుర్తు నొక్కి డ్రైవింగ్ ఎంచుకోండి. ఎప్పుడు ఆన్ అవ్వాలో అడిగే చోట ‘ఆటోమేటిక్’ వద్దు. బీఎంటీసీ బస్సులో కూర్చున్నా మనమే నడుపుతున్నామని అనుకోగలదు అది! కారు బ్లూటూత్ కలిసినప్పుడు అనేదే పెట్టండి. నోటిఫికేషన్లు ఆగిపోతాయి, మ్యాప్స్ మాత్రం దారి చెబుతూనే ఉంటుంది, కాల్స్ కారు స్పీకర్లో వస్తాయి. ఆటో రిప్లైలో “బండి నడుపుతున్నాను, దిగాక చేస్తాను” అని రాసి, ఫేవరెట్స్‌కి మాత్రమే వెళ్లేలా పెట్టండి. కాంటాక్టులందరికీ పెడితే మీరింకా దారిలోనే ఉన్నారని మేనేజర్‌కీ తెలిసిపోతుంది.

శాంసంగ్‌లో అయితే మోడ్స్ అండ్ రొటీన్స్‌లో డ్రైవింగ్ తెరిచి, కారు బ్లూటూత్ పేరు ఎంచుకుని, డూ నాట్ డిస్టర్బ్ కలపాలి. స్కూటర్ వాళ్లు బయల్దేరేముందు చేత్తో ఆన్ చేసుకోవడమే.

ఒక్కటి చూసుకోండి: ఐఫోన్ ఆటో రిప్లై మామూలు మెసేజ్‌లకే వెళ్తుంది, వాట్సాప్‌కి వెళ్లదు. ఊళ్లో అమ్మ వాట్సాప్‌లోనే రాస్తుంటే జవాబు రాక కంగారు పడుతుంది. అవసరమైతే నేరుగా కాల్ చేయమని ముందే చెప్పి ఉంచండి.