గడియారం కోసమా, ఆరోగ్యం కోసమా? పెద్దవారు తమ ఈత తీరును ఎలా ఎంచుకోవాలి?

పెద్దయ్యాక ఈతకు అలవాటుపడినవారిలో చాలామంది సమయాన్ని కొలుచుకునే సాధననో, ఆరోగ్యం కోసం ఈదడాన్నో ఎంచుకోకుండా, రెండింటినీ ఒకే గంటలో కలిపి రెండూ చెడగొట్టుకుంటారు. తీరికగా ఈదుదామని నీళ్లలోకి దిగినవారు పక్క లేన్‌లో ఎవరో ముందుకు పోతుంటే చూసి వేగం పెంచడం, భుజం పట్టేశాక వారం రోజులు కొలను వైపే రాకపోవడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. ఏది తమకు తగినదో ఊహించి కాదు, కొలిచి తేల్చుకోవాలి. అందుకు మూడు వారాలు చాలు.

సిద్ధం కావడం

గాగుల్స్, టోపీ, ఒంటికి పట్టి ఉండే ఈత దుస్తులు సరిపోతాయి. చేతులకు తగిలించుకునే ప్యాడిల్స్, కాళ్లకు తొడుక్కునే ఫిన్స్ ఈ మూడు వారాలూ సంచిలోనే ఉండాలి. ఆగకుండా 400 మీటర్లు ఫ్రీస్టయిల్ ఈదగలగాలి. అది ఇంకా చేతకానివారు ముందు ఆ దూరాన్ని అందుకోవాలి. గుండె జబ్బు, అధిక రక్తపోటు వంటివి ఉన్నవారు మూడో వారంలో చేసే వేగ పరీక్షకు ముందు వైద్యుడి సలహా తీసుకోవాలి.

మొదటి రెండు వారాలు

వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 40 నిమిషాలు, గడియారం చూడకుండా ఈదాలి. గోడ దగ్గర ఆగినప్పుడు ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత ఆయాసమే ఉండాలి. కొలను ఒక చివరి నుంచి మరో చివరికి ఈదితే ఒక పొడవు. మొదటి పొడవులోనూ చివరి పొడవులోనూ ఎన్ని బారలు పడ్డాయో, అంటే చేతులు ఎన్నిసార్లు వేశారో మాత్రం లెక్కపెట్టాలి. 25 మీటర్ల కొలనులో ఆ తేడా ఐదు బారలు దాటితే సమయం సంగతి పక్కన పెట్టి, ముందు బారను సరిచేసుకోవాలి.

పరీక్ష: అందరూ తప్పు చేసేది ఇక్కడే

మూడో వారం మొదట్లో 400 మీటర్లు ఒకసారి, 200 మీటర్లు ఒకసారి పూర్తి శక్తితో ఈదాలి. 400 మీటర్ల సమయం నుంచి 200 మీటర్ల సమయాన్ని తీసివేసి, వచ్చినదాన్ని రెండుతో భాగిస్తే, చాలాసేపు నిలబెట్టుకోగల వేగం 100 మీటర్లకు ఎంతో తెలుస్తుంది. దీన్నే క్రిటికల్ స్విమ్ స్పీడ్ అంటారు. ఉదాహరణకు 400 మీటర్లు 10 నిమిషాల్లో, 200 మీటర్లు 4 నిమిషాల 48 సెకన్లలో ఈదితే తేడా 312 సెకన్లు, అందులో సగం 156 సెకన్లు, అంటే 100 మీటర్లకు 2 నిమిషాల 36 సెకన్లు. లెక్క ఇంత తేలిక కావడం వల్లనే దాని వెనుక ఉన్న ఈతను ఎవరూ పట్టించుకోరు.

ముందుగా పది నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా ఈదాలి. రెండు ఈతలూ నీళ్లలోనే గోడను తన్ని మొదలుపెట్టాలి. ఒకదానికి పైనుంచి దూకి, మరోదానికి గోడను తన్ని బయలుదేరితే లెక్క పనికిరాదు. 400 మీటర్ల మొదటి వందను, ఇంత నెమ్మదిగా వెళ్లడం సిగ్గుచేటని అనిపించేంత నిదానంగా ఈదాలి. అక్కడ ఉత్సాహపడినవారు మూడో వందలో చేతులు బరువెక్కి, నాలుగో వందను ఈడ్చుకుంటూ పూర్తిచేస్తారు. ఒడ్డున ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకుని ప్రతి వందకూ సమయం రాయాలి. రెండో వందకు, నాలుగో వందకు మధ్య ఆరు సెకన్లకు మించి తేడా వస్తే ఆ పరీక్షను పారేసి, రెండు రోజుల తరువాత మళ్లీ చేయాలి. చేతికి కట్టుకునే స్మార్ట్‌వాచ్‌ను నమ్ముకోవద్దు. అది చేయి కదలికను బట్టి పొడవులను లెక్కిస్తుంది కాబట్టి, మలుపు దగ్గర తడబడినా, మధ్యలో బార మార్చినా లెక్క తప్పవచ్చు. గోడను తాకిన క్షణాన్ని పట్టుకోవడంలో మనిషి కన్నే మేలు.

ఇక పది నిమిషాలు నిదానంగా ఈదుతూ తేరుకున్నాక 200 మీటర్లు. అలసటతో ఇక్కడ వెనక్కి తగ్గితే జరిగే మోసం చాలామందికి తెలియదు: ఈ ఈత నెమ్మదించేకొద్దీ లెక్కలో వేగం పెరుగుతుంది. పై ఉదాహరణలోనే 200 మీటర్లకు 5 నిమిషాలు పడితే జవాబు 2 నిమిషాల 30 సెకన్లు అవుతుంది. అది 400 మీటర్ల సగటు వేగమే తప్ప, చాలాసేపు నిలబెట్టుకోగల వేగం కాదు. కాబట్టి వచ్చిన వేగం ఆ సగటు కన్నా కొంచెం నెమ్మదిగా ఉన్నప్పుడే పరీక్షను నమ్మాలి.

తేల్చుకోవడం

అదే వారంలో రెండు రోజులు 100 మీటర్లు ఎనిమిదిసార్లు చొప్పున ఆ వేగంతో ఈదాలి. మన ఉదాహరణలో ప్రతి 3 నిమిషాలకు ఒకసారి బయలుదేరితే 24 సెకన్ల విరామం దొరుకుతుంది. ఎనిమిదో వంద మొదటిదానికి రెండు మూడు సెకన్ల తేడాలో ముగిసిందా లేదా అన్నది ఒక సంగతి. ఇంటికి వెళ్లాక ఆ సెకన్ల గురించే ఆలోచిస్తున్నారా, లేక అయిపోయిందని ఊపిరి పీల్చుకున్నారా అన్నది అంతకన్నా ముఖ్యమైన సంగతి.

ఆలోచిస్తున్నవారు సమయ సాధన వైపు రావాలి, అయితే వారానికి మూడు రోజులు తప్పక కేటాయించగలిగితేనే. 25 ఏళ్లు నిండినవారికి ఐదేళ్ల వయోవర్గాలుగా మాస్టర్స్ పోటీలు ఉన్నాయి. వాటి ప్రపంచ పోటీలు 1986లో టోక్యోలో మొదలయ్యాయి. పరీక్షను ఆరు వారాలకొకసారి, అదే పొడవున్న కొలనులో చేయాలి. 25 మీటర్ల కొలనులో మలుపులు ఎక్కువ, ప్రతి మలుపులోనూ గోడను తన్నిన ఊపు కలిసివస్తుంది కనుక, అక్కడి సమయాన్ని 50 మీటర్ల కొలనులోని సమయంతో పోల్చకూడదు.

ఊపిరి పీల్చుకున్నవారు నొచ్చుకోవలసిన పని లేదు. పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారానికి నాలుగు రోజులు 40 నిమిషాల చొప్పున తీరికగా ఈదితే ఆ కనీసం దాటుతుంది. వీరు పరీక్షను మళ్లీ చేయవద్దు, బార లెక్కను మాత్రం మానవద్దు, పక్క లేన్ వైపు చూడనే వద్దు.