పొద్దున్నే వాతావరణ బులెటిన్ ఎలా చదవాలి: మూసీ దాటే స్కూల్ వ్యాన్ డ్రైవర్ చెప్పేది

మలక్‌పేట, సైదాబాద్ గల్లీల్లోని పిల్లల్ని వ్యాన్‌లో ఎక్కించుకుని అంబర్‌పేట వైపు స్కూల్లో దించడం నా పని. మధ్యలో మూసీ ఉంది. వానాకాలం వచ్చిందంటే రోజూ ఒకటే టెన్షన్: సాయంత్రం వీళ్లను మళ్లీ ఇవతలి ఒడ్డుకు ఎట్లా తేవాలి?

కొన్నేళ్ల కింద ఒక సాయంత్రం మూసీ మీది మూసారాంబాగ్ వంతెన దగ్గర బారికేడ్లు పెట్టేశారు. చాదర్‌ఘాట్ మీదుగా తిరిగొచ్చి మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద ఇరుక్కున్నాను. ఇంజిన్ ఆగిపోయింది. నీళ్లు ఫుట్‌బోర్డు దాటి సీట్ల కిందికి వచ్చాయి. లోపల ఎనిమిది మంది పిల్లలు. ఎల్‌కేజీ పాప ఒకతి బ్యాగును గుండెలకు అదుముకుని, "అంకుల్, నా బుక్స్ తడుస్తాయా?" అని అడిగింది. దారిన పోయే కుర్రాళ్లు నలుగురు దిగి, పిల్లల్ని భుజాల మీద మోసి గట్టెక్కించారు. ఆ పొద్దున నేను ఫోన్‌లో ఎల్లో అలర్ట్ చూశాను. ఎల్లోనే కదా అని ఫోన్ జేబులో పెట్టేశాను. అప్పటి నుంచి ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. అందులో ఏం రాస్తానో, ఎందుకు రాస్తానో చెప్తాను. పిల్లలున్న ప్రతి ఇంట్లో ఇది పనికొస్తుంది.

మొదట దేశం మొత్తం బులెటిన్ చూడండి. ఢిల్లీలోని వాతావరణ శాఖ దాన్ని రోజుకు నాలుగు సార్లు ఇస్తుంది. మౌసమ్ యాప్‌లోకో వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లోకో వెళ్తే సరిపోతుంది. కేరళ, అస్సాం సంగతి మనకెందుకని వదిలేయకండి. అందులో నేను చూసేది బంగాళాఖాతం. అల్పపీడనం ఉందా, అది వాయుగుండం అయిందా, ఎటు కదులుతోంది? 2020 అక్టోబర్ 13 గుర్తుందా? తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది పొద్దున్నే. హైదరాబాద్ మునిగింది ఆ సాయంత్రం, ఆ రాత్రి. బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు పడింది. కరోనా వల్ల అప్పుడు బడులు మూసి ఉన్నాయి, నా వ్యాన్‌లో పిల్లలు లేరు. కానీ పొద్దున ఆ వార్త చదివినవాళ్లకు సెల్లార్‌లోంచి బండి తీసి ఎత్తు మీద పెట్టుకోవడానికి ఒక పగలంతా చేతిలో ఉంది. దేశం బులెటిన్ చదవడం ఆ పగటి కోసమే.

తర్వాత అలర్ట్ రంగు. ఎల్లో అంటే భయం లేదని కాదు, కనిపెట్టుకుని ఉండమని. ఆరెంజ్ అంటే సిద్ధం కమ్మని. రెడ్ అంటే ఇక ఆలోచించకుండా పని మొదలుపెట్టమని. రంగు మీకు చెప్పేది మీరు చేయాల్సిన పని.

రంగు కంటే ఎక్కువ మంది పొరబడేది మాటల దగ్గర. "ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు" అని వస్తే చాలామంది దాన్ని చిన్న వాన అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. ఆ మాట చెప్పేది వాన ఎంత మేర పడుతుందని, ఎంత గట్టిగా పడుతుందని కాదు. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించని చోట్ల పడితే "ఒకటి రెండు చోట్ల" అంటారు. సగం వరకైతే "కొన్ని చోట్ల", ముప్పావు వరకైతే "చాలా చోట్ల". పడిన చోట మాత్రం భారీగానే పడుతుంది. ఆ ఒకటి రెండు చోట్లలో మీ గల్లీ ఉండొచ్చు.

"భారీ" అన్నదానికి లెక్క ఉంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. పది మిల్లీమీటర్లు ఒక సెంటీమీటరు. పేపర్లో సెంటీమీటర్లు రాస్తారు, యాప్‌లో మిల్లీమీటర్లు ఉంటాయి, కలిపేసుకోకండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. వంద చదరపు మీటర్ల డాబా మీద 65 మిల్లీమీటర్లు పడితే ఆరున్నర వేల లీటర్లు, అంటే వెయ్యి లీటర్ల ట్యాంకులు ఆరున్నర. గల్లీలో ఉన్న డాబాలన్నీ ఒకేసారి ఆ నీళ్లను రోడ్డు మీదికి వదులుతాయి.

హైదరాబాద్‌లో ఇంకో చిక్కుంది. ఆ లెక్క రోజంతటికీ. 50 మిల్లీమీటర్లు రోజంతా నెమ్మదిగా కురిస్తే ఎవరికీ కష్టం ఉండదు. అదే 50 ఒక్క గంటలో పడితే కాగితం మీద "మోస్తరు వర్షం", రోడ్డు మీద నడుముల్లోతు నీళ్లు. అందుకే పొద్దుటి బులెటిన్‌తో ఆగకండి. బేగంపేటలోని వాతావరణ కేంద్రం మూడు గంటలకు పనికొచ్చే హెచ్చరిక, నౌకాస్ట్, ఇస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకసారి, బడి వదిలే అరగంట ముందు ఒకసారి దాన్ని చూస్తాను. ఈ ఊళ్లో పిల్లల్ని కాపాడేది ఎక్కువగా ఆ రెండో చూపే. పక్క బస్తీల్లో ఇప్పటికే ఎంత పడిందో టీజీడీపీఎస్ (తెలంగాణ ప్రభుత్వ ప్రణాళికా సంస్థ) వర్షమాపక కేంద్రాల లెక్కలో దొరుకుతుంది.

ఇంకో మాట, బులెటిన్‌లో రోజంటే పొద్దున ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా. రాత్రి పడిన వాన మర్నాటి తేదీ లెక్కలో కనిపిస్తుంది.

ఇక మూసీ. మన గల్లీలో చుక్క పడకపోయినా మూసీ పొంగొచ్చు. అది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. అటు వాన పడితే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నిండుతాయి, వాటి గేట్లు ఎత్తితే ఆ నీళ్లు మూసీలోకి వస్తాయి. 1908 సెప్టెంబర్ 28 వరద వేల మందిని మింగాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన చెరువులవి. ఉస్మాన్‌సాగర్ నిండు మట్టం 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1763.5 అడుగులు. జలమండలి రోజూ మట్టాలు చెప్తుంది. నా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇట్లా ఉంటుంది: "అల్పపీడనం, ఒడిశా దగ్గర. మనకు ఆరెంజ్. హిమాయత్‌సాగర్ 1762. వికారాబాద్‌లో రాత్రంతా వాన." ఇట్లాంటి రోజున మూసీ మీది తక్కువ ఎత్తు వంతెనల మీద ఆశ పెట్టుకోను. గేట్లు ఎత్తారన్న వార్త వచ్చేదాకా ఆగను, పొద్దున్నే దారి మారుస్తాను.

ఫోన్‌లో సచేత్ యాప్ పెట్టుకోండి, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థది. ప్రభుత్వ అత్యవసర సందేశం పెద్ద శబ్దంతో వస్తే చిరాకుపడి సెట్టింగ్స్‌లో ఆపేయకండి. పిడుగులకు దామిని యాప్ ఉంది, చుట్టూ 20, 40 కిలోమీటర్లలో పడేవి చూపిస్తుంది. ఉరుము వినబడితే పిల్లల్ని చెట్టు కింద నిలబెట్టకండి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుంటే వడగాలి అంటారు. అప్పుడు ఆగి ఉన్న వ్యాన్‌లో పిల్లల్ని ఒక్క నిమిషం కూడా వదలను.

నీళ్లు కనబడ్డాక ఏం చేయాలి? అడుగు లోతు పారే నీళ్లు చాలు, చిన్న కారు తేలిపోతుంది. రెండడుగులైతే పెద్ద బండ్లనూ లాక్కెళ్తాయి. ముందు బస్సు దాటింది కదా అని వెనకే వెళ్లకండి, దాని చక్రాలు ఎత్తు. కరెంటు తీగ తెగి పడితే 1912, మనిషి ప్రాణం మీదికొస్తే 112.

ఆరెంజ్ ఉన్న రోజు పొద్దున ఏడింటికి తల్లిదండ్రులకు ఈ మెసేజ్ పెడతాను: "ఈ రోజు ఆరెంజ్. ఒంటిగంటకు మళ్లీ చూసి చెప్తాను. వంతెన దాటే వీలు లేకపోతే పిల్లలు బళ్లోనే ఉంటారు, నేను వాళ్లతోనే ఉంటాను. మీరు కంగారుపడి బండేసుకుని నీళ్లలో రావద్దు. అవతలి ఒడ్డున మీ బంధువులెవరైనా ఉంటే వాళ్ల నంబరు పంపండి."