గ్రహానికి రంగు తర్వాత, ముందు పోటు పాటు

గేములో కొత్త గ్రహం అనగానే మనోళ్లు ఎర్ర నేల, ఊదా ఆకాశం వేసేస్తారు. రంగులదేముందండీ, ముందు ఒక్క భౌతిక నియమం మార్చండి. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవిలో పాటుకి సముద్రపు నీరు వెనక్కి తీసినప్పుడు చూడండి: బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్లు, వాటి మధ్య రెక్కల మీద గెంతే చేపలు. బురదలో గాలి ఆడదు, రోజుకి రెండుసార్లు నీరు వచ్చిపోతుంది. అందుకే ఆ వేషాలన్నీ. మీ గ్రహానికి చందమామని ఇంకాస్త దగ్గరికి జరిపితే పోటు మైళ్ల కొద్దీ లోపలికి తన్నుకొస్తుంది, జీవులూ దానికి తగ్గట్టే తయారవుతాయి. నీరే అక్కర్లేదు కూడా. శని ఉపగ్రహం టైటాన్ మీద మైనస్ 179 డిగ్రీల చలిలో మీథేనే వానై కురిసి ఏరులై పారుతోంది. ఒకే ముఖం ఎప్పుడూ తన నక్షత్రం వైపు తిప్పుకున్న గ్రహమైతే, ఒక పక్క ఎప్పుడూ పగలు, రెండో పక్క ఎప్పుడూ రాత్రి; మొదటి జీవిని ఆ రెంటి మధ్య సంజ వెలుగు పట్టీలో వదలండి.