హెల్ లెట్ లూజ్‌లో మీ ఊరి జట్టుతో తొలి మ్యాచ్ ఆడడం ఎలా?

ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట బీజీఎంఐలో చెయ్యి తిరిగిన కుర్రాళ్లు మన ఒడిశా వైపు పర్లాకిమిడిలో, గుణుపురంలో, రాయగడలో చాలామందే ఉంటారు. అదే ఊపుతో హెల్ లెట్ లూజ్‌లోకి దిగితే, ఎవడు కాల్చాడో తెలియకుండానే పడిపోతూ గంటలో విసుగెత్తి వదిలేస్తారు. ఇది రెండో ప్రపంచ యుద్ధం ఆట. ఒక్కో పక్షాన 50 మంది. తెర మధ్యలో గురి గుర్తు ఉండదు. మీ తూటా ఎవరికి తగిలిందో ఆట చెప్పదు. సొంతవాళ్లను కాల్చినా చస్తారు. గురి ఉన్నవాడికంటే నోరూ మ్యాపూ వాడేవాడే ఇక్కడ ఎక్కువ పనికొస్తాడు.

ముందు సామాను

ఫోన్‌లో ఈ ఆట రాదు. పీసీ అయినా ఉండాలి, పీఎస్5 లేదా ఎక్స్‌బాక్స్ సిరీస్ అయినా ఉండాలి. పీసీలో 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే హాయి. డబ్బు చాలకపోతే గ్రాఫిక్స్ తగ్గించుకోండి గానీ, మైకున్న హెడ్‌సెట్ లేకుండా మాత్రం దిగకండి. వార్‌ఫేర్ అనే రకం మ్యాచ్ 90 నిమిషాల దాకా సాగుతుంది. ఎండాకాలం సాయంత్రాలు మన వైపు గాలివాన లేస్తే కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి, రౌటర్‌కు కూడా యూపీఎస్ తగిలించండి. సర్వర్ల జాబితాలో పింగ్ (సర్వర్‌కు సంకేతం వెళ్లి వచ్చే సమయం) తక్కువున్నదే ఎంచుకోండి.

తర్వాత దళం

పదాతి దళంలో ఆరుగురు దాకా ఉండొచ్చు. ఒకరు ఆఫీసర్ (దళ నాయకుడు), ఒకరు సపోర్ట్ (సరఫరాలు మోసేవాడు), ఒకరు మెడిక్ (పడినవాళ్లను లేపేవాడు). ఈ మూడూ తేలాకే మెషిన్‌గన్ కోసం కొట్టుకోండి.

మాట్లాడే పద్ధతి

ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మనకు అలవాటే. దళంలో రెండూ కలిసినా నష్టం లేదు. నష్టమల్లా ‘అదిగో, అటు, ఆ చెట్టు కాడ’ అనడంతోనే. తెర మీద దిక్సూచి ఉంటుంది: ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. ముందు ఆ అంకె, తర్వాత దూరం, ఆఖర్న కనిపించింది చెప్పండి: ‘240, వంద మీటర్లు, గోడ వెనక మెషిన్‌గన్.’ అంకె ఇంగ్లీషులో అంటే ఒడియా స్నేహితుడికీ, సర్వర్‌లో తగిలే ఏ దేశం వాడికైనా అందుతుంది. పడిపోయినప్పుడు తిట్టుకునే ముందు తూటా ఎటునుంచి వచ్చిందో చెప్పండి. దగ్గర్లో ఉన్నవాళ్లకు, దళానికి, నాయకులకు వేర్వేరు వాయిస్ చానళ్లున్నాయి. ఆఫీసర్ ఒకేసారి అన్నిటినీ వింటుంటాడు. పెళ్లి కబుర్లు మ్యాచ్ అయ్యాక.

అసలు పని: గ్యారిసన్

చచ్చినవాళ్లు మళ్లీ ఎక్కడ లేస్తారన్నదే గెలుపోటములను తేలుస్తుంది. అలా లేచే చోట్లే అవుట్‌పోస్టు, గ్యారిసన్. ఆఫీసర్ పెట్టే అవుట్‌పోస్టు మీ దళానికే. గ్యారిసన్ మాత్రం మొత్తం పక్షానికి. సొంత భూభాగంలో అది కట్టడానికి 50 సరఫరాలు కావాలి. సపోర్ట్ ఆటగాడు సరఫరాల పెట్టె దించితే, దాని పక్కనే ఆఫీసర్ కడతాడు. ఇంకో గ్యారిసన్‌కు 200 మీటర్ల లోపు కట్టనివ్వదు. శత్రువు బాగా దగ్గరికొస్తే అక్కడ ఎవరూ లేవలేరు. అందుకే రెండు పక్షాలూ పోరాడే పాయింటు మీదే కట్టేయకుండా కాస్త పక్కన, కంచె చాటునో గోడ చాటునో కట్టాలి. కాపలాకు వెనక ఒకటి, దాడికి పక్కవాటున ఒకటి ఉంటే మేలు. యాభై మందిని కాల్చినా గ్యారిసన్ కట్టని ఆఫీసర్ నా లెక్కలో దండగే. పెట్టె దించకముందే సపోర్ట్ వేషం మార్చేసేవాడూ అంతే.

కాల్పులు

కార్98కే రైఫిల్‌లో 5 తూటాలు, ఎం1 గారండ్ రైఫిల్‌లో 8. లెక్క మనసులో ఉంచుకోండి. ఖాళీ మైదానంలో పరిగెత్తొద్దు. రక్తం కారుతుంటే ముందు కట్టు కట్టుకోండి.

పడిపోతే వెంటనే వదిలేయకండి, మెడిక్‌ను పిలవండి. మెడిక్ వస్తుంటే ‘వస్తున్నాను’ అనాలి. రాలేకపోతే అదీ చెప్పేయాలి. అప్పుడు పడినవాడు ఎదురుచూడకుండా గ్యారిసన్ దగ్గర లేచి వస్తాడు.