పల్లె యువతకు చదువు, పని – సమన్వయకర్తల స్వయంశిక్షణ
4వ పాఠం: పేరు ఎక్కడ జారిపోతుంది?

ముందు పాఠంలో ఊరి పట్టిక రాయడం చూశాం. 15 నుంచి 29 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లు ఎవరెవరు, ఎంతవరకు చదివారు, ఇప్పుడేం చేస్తున్నారు అని ఇల్లిల్లూ తిరిగి ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఎక్కించమన్నాను. ఆ పుస్తకం పక్కన పెట్టుకొనే ఈ పాఠం చదవండి. ఇంకా సగమే అయి ఉంటే ముందు అది పూర్తి చేసి రండి, పాఠం ఎక్కడికీ పోదు.

మన వైపు పథకాలకు కరువేం లేదు. పల్లె పేద కుటుంబాల్లో 15 నుంచి 35 ఏళ్లవాళ్లకు పని నేర్పి ఉద్యోగం చూపించే కేంద్ర పథకం డీడీయూ–జీకేవై (దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన) ఉంది, మన ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని సీడాప్ అనే ప్రభుత్వ సంస్థ నడుపుతుంది. నైపుణ్యాభివృద్ధి సంస్థ కోర్సులున్నాయి. సొంతంగా ఏదన్నా పెట్టుకుంటానంటే బ్యాంకులు నడిపే ఆర్‌సెటీలో (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో) భోజనం, వసతితో ఉచితంగా నేర్పి, తర్వాత రెండేళ్లపాటు కనిపెట్టుకొని ఉంటారు. ఐటీఐలు, అప్రెంటిస్‌షిప్, సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూలు), జిల్లా ఉపాధి కార్యాలయం సరేసరి. ఎవరి పని వాళ్లు చేస్తున్నారు కూడా. కానీ హైస్కూల్లో పేరు కొట్టేసిన రోజుకీ, శిక్షణ కేంద్రంలో పేరు రాసుకున్న రోజుకీ మధ్య ఆ కుర్రాడు ఏ ఆఫీసు లెక్కలోనూ ఉండడు. శిక్షణ అయిపోయిన రోజుకీ, కంపెనీ గేటు దాటిన రోజుకీ మధ్యా అంతే. సమన్వయం అంటే ఈ మధ్య రోజుల పని. ఉద్యోగ మేళా పెట్టడం కాదు. మేళాలో ఎంతమంది ‘సెలెక్ట్’ అయ్యారో సాయంత్రానికే ఫొటోతో సహా తెలిసిపోతుంది. వాళ్లలో ఎంతమంది చేరారో మూడు నెలల తర్వాత అడగండి, చాలాచోట్ల జవాబు చెప్పే మనిషే ఉండడు.

ముందు పుస్తకంలో మూడు గళ్లు కలపండి: తర్వాత జరగాల్సిన పని, అది ఎవరి చేతిలో ఉంది, ఏ తేదీకి. మూడింటిలో రెండో గడి దగ్గరే అందరూ బద్ధకిస్తారు. ‘సచివాలయం’ అని రాస్తే అది ఎవరి చేతిలోనూ లేనట్టే. సచివాలయంలో సంక్షేమ, విద్యా సహాయకుడా, డిజిటల్ అసిస్టెంటా? ‘ఐటీఐ’ అని కాదు, అక్కడ అడ్మిషన్లు చూసే సారు పేరు, ఫోన్ నంబరు. ‘వెలుగు’ (డ్వాక్రా సంఘాలను చూసే ఆఫీసు) అని కాదు, మీ గ్రామ సమాఖ్య లెక్కలు చూసే యానిమేటరమ్మ. మూడో గడిలో ‘త్వరలో’ అనే మాట ఎప్పుడూ రాయకండి.

ఒక వరుస ఎలా ఉండాలో చూడండి. పది తప్పిన ఒక అమ్మాయి ఉందనుకుందాం. ‘పని: సప్లిమెంటరీ ఫీజు కట్టడం. ఎవరు: హైస్కూలు గుమాస్తా, ఫలానా. తేదీ: ఫలానా రోజు సాయంత్రం లోపు.’ ఇంతే. ఆ పని అయిపోతే కొట్టేసి, కిందే తర్వాతి పని రాయాలి. గళ్లు ఖాళీగా ఉన్న పేరు కనిపించిందంటే ఆ మనిషి చేజారుతున్నట్టు లెక్క.

ఫలితాల వారం

ఈ మధ్య ఏళ్లలో ఇంటర్, పది ఫలితాలు ఏప్రిల్‌లోనే వచ్చేస్తున్నాయి, సప్లిమెంటరీ పరీక్షలు మేలో జరుగుతున్నాయి. ఫీజు కట్టడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే. కనిగిరి, పామూరు వైపు ఊళ్లలో ఆ కొద్ది రోజుల్లోనే ఇంకోటి జరుగుతుంది. బేల్దారి మేస్త్రీ ఊళ్లోకొచ్చి హైదరాబాదుకో బెంగళూరుకో మనుషుల్ని మాట్లాడుకుంటాడు, చేతిలో అడ్వాన్సు పెడతాడు. తప్పిన కుర్రాడికి ఇంట్లో మొహం చూపించలేని సమయం అది. మేస్త్రీ కంటే ఒక రోజు ముందు మీరు ఆ ఇంటికి వెళ్లాలి. వెళ్లి హితబోధ చేయక్కర్లేదు. ఎన్ని సబ్జెక్టులు పోయాయి, ఫీజు ఎంత, ఆఖరి తేదీ ఎప్పుడు అని చెప్పి, ఫీజు కట్టించి రండి. మాటలు తర్వాత.

మళ్లీ బడికి పోను అని మొండికేస్తే సార్వత్రిక విద్యాపీఠం ఉంది. అక్కడ అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయాలన్న నిర్బంధం లేదు, ఐదేళ్ల లోపు విడతలుగా పాసవ్వచ్చు. పని చేసుకుంటూ చదవాలనుకునేవాళ్లకు ఇదే నయం. అయితే ‘ఓపెన్‌లో కడితే వాళ్లే పాస్ చేయించేస్తారు’ అని డబ్బులు గుంజే దళారులు ప్రతి టౌన్లో ఉంటారు. రసీదు లేకుండా రూపాయి కట్టనివ్వకండి.

తీరం ఊళ్లలో, అంటే కొత్తపట్నం, మైపాడు లాంటి చోట్ల, మీకు ఒక వెసులుబాటు ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం. ఫలితాలు, అడ్మిషన్లు చాలావరకు ఆ 61 రోజుల చుట్టూనే వస్తాయి. మామూలప్పుడు వేటకెళ్లే తండ్రి అప్పుడు ఒడ్డునే ఉంటాడు. తల్లితో ఒకసారి, తండ్రితో ఒకసారి తిరిగే శ్రమ తప్పుతుంది, ఇద్దర్నీ కూర్చోబెట్టి ఒకేసారి మాట్లాడొచ్చు.

పొగాకు ఊళ్లకు లెక్క వేరు. కొండపి, టంగుటూరు, కలిగిరి చుట్టుపక్కల సంక్రాంతికి ముందూ వెనకా రెలుపులు (ఆకు కోత), బ్యారన్ (ఆకు ఆరబెట్టే కొట్టం) పనులతో ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు. జనవరిలో కొత్త బ్యాచ్ మొదలుపెడితే మొదటి వారం ముప్ఫైమంది, మూడో వారం పదిమంది. తప్పు పిల్లలది కాదు, క్యాలెండర్ వేసిన వాళ్లది. పైనుంచి తేదీ వచ్చేసిందని ఊరుకోకండి, శిక్షణ కేంద్రం వాళ్లతో ముందే మాట్లాడి బ్యాచ్‌ని జరపమని అడగండి. చాలాసార్లు ఒప్పుకుంటారు, హాజరు పడిపోతే వాళ్లకే ఇబ్బంది కదా.

ఈ టైముల సంగతి కొత్తదేం కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా కార్యక్రమం నడిచినప్పుడు కూలిపనులు ముగించుకొని రాత్రి పూట బడికొచ్చిన ఆడవాళ్లే చదువు దగ్గర ఆగకుండా సారా వద్దని పోరాటానికి దిగారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది అట్లాగే. పగలు పదకొండుకు క్లాసు పెట్టి ఉంటే ఆ గదిలో ఎంతమంది కూర్చునేవాళ్లో ఆలోచించండి.

కాగితాలు

దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఎందుకంటే కోర్సు దొరక్క ఆగిపోయేవాళ్ల కంటే కాగితం దగ్గర ఆగిపోయేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు.

మొదటిది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం. లేదా తిరగేసి ఉంటుంది. పెళ్లైన అమ్మాయికి ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, మెమోలో పుట్టింటిది. ఊళ్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు, ఆన్‌లైన్ దరఖాస్తు మాత్రం ‘సరిపోలలేదు’ అని అక్కడికక్కడే ఆపేస్తుంది. రెండోది పుట్టిన తేదీ. బళ్లో వేసినప్పుడు సారు వేసిన తేదీ ఒకటి, ఆధార్ తీసినప్పుడు తల్లి గుర్తుతెచ్చుకొని చెప్పింది ఇంకోటి. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు. కాబట్టి తొందరపడి ఏదో ఒక తేదీకి మార్పించి, తర్వాత మెమో చూసి తల పట్టుకోవడం జరగకూడదు. ముందు మెమో తీయించండి, దాన్ని బట్టే ఆధార్ సరిచేయించండి.

మూడోది ఫోన్ నంబరు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. అమ్మాయి ఆధార్‌కి తండ్రి నంబరు లింకై ఉంటుంది, తండ్రి బెంగళూరులో సెంట్రింగ్ పనిలో ఉంటాడు. ఓటీపీ అక్కడికి పోతుంది, ఆయన పనిలో ఉండి చూడడు, ఇక్కడ సచివాలయంలో టైం అయిపోతుంది. మళ్లీ రేపు రమ్మంటారు. ఇలా మూడు రేపులు గడిస్తే ఆ అమ్మాయి ఇంక రాదు. పట్టికలో ప్రతి పేరు పక్కన ‘ఆధార్‌కి ఉన్న నంబరు ఎవరిది’ అని ఒక మాట రాసుకోండి. వాళ్లదే కాకపోతే అన్నిటికంటే ముందు ఆధార్ కేంద్రంలో మార్పించండి. బ్యాంకు ఖాతా, స్కాలర్‌షిప్, చివరికి పీఎఫ్ కూడా ఆ నంబరు మీదే నడుస్తాయి.

నెల్లూరు తీరంలో, చెరువు గట్ల మీద ఉండే యానాది గిరిజన కుటుంబాల్లో అసలు జనన ధ్రువపత్రమే ఉండకపోవచ్చు. అక్కడ ఒక్కొక్కరి వెంట పడే బదులు నెల్లూరులో ఉన్న యానాది ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ద్వారా తహసీల్దారుతో మాట్లాడించి ఆ కాలనీలోనే ఒక రోజు శిబిరం పెట్టించడం మేలు. అలాంటి ఊరు మీ పరిధిలో ఉంటే కాగితాల పనికి రెండు నెలలు పక్కన పెట్టుకోండి, రెండు వారాల్లో అయ్యేది కాదు.

ఇంకో జాగ్రత్త. ఆధార్ నంబర్లు మీ పుస్తకంలో రాయొద్దు, వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టించొద్దు. ‘ఉంది, సరిపోయింది’ అన్న రెండు మాటలు చాలు మనకు.

జీతం లెక్క ఇంటి ముందే వేయాలి

శిక్షణ అయ్యాక ఉద్యోగాలు ఎక్కువగా శ్రీసిటీ పారిశ్రామికవాడ, చెన్నై శివార్లు, హైదరాబాదు, బెంగళూరు. మూడు నెలలు తిరక్కుండానే వెనక్కి వచ్చేస్తే ‘ఈ పిల్లలకి కష్టపడటం చేతకాదు’ అనేస్తారు పెద్దవాళ్లు. నేను ఒప్పుకోను. లెక్క ముందు చెప్పకపోవడం వల్ల వచ్చే తగాదా అది.

కంపెనీ వాళ్లు చెప్పిన అంకె 17,400 చిల్లర అనుకుందాం. ఇంట్లో అంతా చేతికొస్తుందనే అనుకుంటారు. అది సీటీసీ, కంపెనీ తన వైపు నుంచి కట్టే పీఎఫ్, ఈఎస్ఐ కలిపి చెప్పిన అంకె. అసలు జీతం 15,000. అందులోంచి ఉద్యోగి వాటాగా పీఎఫ్ 12 శాతం అంటే 1,800, ఈఎస్ఐ 0.75 శాతం అంటే 113 పోతాయి. చేతికి 13,087. అందులో గది, మెస్, బస్సు తీసేయాలి. ఇంటికి ఎంత పంపగలడో అప్పుడు తెలుస్తుంది. ఈ లెక్క తల్లిదండ్రుల ముందు, కాగితం మీద, మీరే వేయాలి. కొందరు ఆ లెక్క చూసి ‘మేం పంపించం’ అంటారు, మంచిదే. చేరి వచ్చేయడం కంటే చేరకపోవడమే నయం. పీఎఫ్ పోయిన డబ్బు కాదని, ఈఎస్ఐ కార్డుతో ఇంట్లోవాళ్లకీ వైద్యం ఉంటుందని కూడా అప్పుడే చెప్పండి. లేకపోతే ‘కటింగులు పట్టేస్తున్నారు’ అన్న మాట ఊరంతా పాకుతుంది.

ఇక మొదటి నెల. 30 రోజుల నెలలో 12వ తేదీన చేరితే వచ్చే నెల మొదటి పది రోజుల్లో చేతికొచ్చేది 19 రోజుల జీతమే, పై లెక్కన ఎనిమిది వేల పైచిలుకు. అప్పటిదాకా గది అడ్వాన్సు, మెస్ డబ్బులు ఎక్కణ్నుంచి తేవాలి? ఇక్కడే ఎక్కువమంది వెనక్కి బస్సెక్కేది. తల్లి డ్వాక్రా సంఘంలో ఉంటే గ్రామ సమాఖ్యలో గానీ, సంఘాల మహిళలకు అప్పులిచ్చే స్త్రీనిధిలో గానీ చిన్న అప్పు దొరుకుతుందేమో బయల్దేరకముందే కనుక్కోండి. కంపెనీ హాస్టల్ అద్దెని జీతంలోంచి కోసుకుంటుందా అని కూడా అడగండి.

ఫోన్ ఎప్పుడెప్పుడు చేయాలి? చేరిన మర్నాడు, వారానికి, మొదటి జీతం పడిన రోజు, మూడు నెలలు నిండినప్పుడు. ‘బాగున్నావా’ అంటే ‘బాగున్నా అక్కా’ అనే అంటారు, దాంతో ఏమీ తెలీదు. ఏం తిన్నావు, షిఫ్టు ఎన్ని గంటలు, గదిలో ఎంతమంది, జీతం మెసేజ్‌లో ఎంత చూపించింది అని అడగండి. అమ్మాయిలైతే రాత్రి షిఫ్టు నుంచి గదికి ఎట్లా వస్తున్నారో తప్పకుండా అడగాలి.

దగ్గర్లోనే పని కావాలనేవాళ్లకు చీమకుర్తి గ్రానైట్, తీరంలో రొయ్యల హేచరీలు, ప్రాసెసింగ్ యూనిట్లు ఉన్నాయి. రాతి దుమ్ము ఊపిరితిత్తులకు చేసే చెరుపు గురించి దాచకుండా చెప్పండి, మాస్కు, నీళ్లు చల్లే ఏర్పాటు ఉన్నాయో లేదో చూసి పంపండి. ప్రమాదకరమైన పనుల్లో 18 నిండని వాళ్లను అప్రెంటిస్‌గా కూడా పెట్టుకోకూడదు.

నెల సమావేశం

నెలకోసారి హెడ్మాస్టరు, సచివాలయం వాళ్లు, యానిమేటరమ్మ, దగ్గర్లోని శిక్షణ కేంద్రం మనిషి కూర్చోవాలి. ప్రగతి నివేదికలు చదవొద్దు. మూడో గడిలో తేదీ దాటిపోయిన పేర్లు మాత్రమే పైకి చదవండి, ఎవరి చేతిలో ఉందో వాళ్లు కొత్త తేదీ చెప్పాలి. ఒకే పేరు రెండు నెలలు వరసగా వస్తే ఆ ఇంటికి ఇద్దరు కలిసి వెళ్లాలి. సమావేశం నలభై నిమిషాలు దాటిందంటే ఎవరో ఉపన్యాసం మొదలుపెట్టినట్టే, టీ తెప్పించేయండి.

ఈ వారం పని

మీ పట్టికలోంచి గత ఏడాదిలో ఏదో ఒక శిక్షణ పూర్తిచేసిన ఐదుగురిని తీసుకోండి. ఒక్కొక్కరికి ఫోన్ చేసి ఇప్పుడెక్కడున్నారో కనుక్కోండి. పనిలో లేకపోతే ఏ తేదీన మానేశారో, అంతకు ముందు వారం ఏం జరిగిందో వాళ్ల మాటల్లోనే రాయండి, మీ అభిప్రాయం కలపొద్దు. దొరకని నంబరు ఉంటే ‘దొరకలేదు’ అనే రాయండి. తర్వాతి పాఠం కంపెనీ వాళ్లతో మాట్లాడటం గురించి. అక్కడ మొదటి ప్రశ్నలు ఈ ఐదు వరసల్లోంచే తీస్తాం.